నీటికి దారి, గాలికి దారి

సన్నని మూతిగల కూజాను నీటితొట్టిలో నిలువుగా ముంచినప్పుడు బుడబుడమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం నీరు లోపలికి పోతున్నందువల్ల మాత్రమే వచ్చేది కాదు. గాలి బయటకు వస్తున్నందువల్ల వచ్చేది. ఖాళీ కూజా అని మనం పిలిచేది నిజానికి గాలితో నిండిన కూజా. అందులో ఒక లీటరు నీరు చేరాలంటే ఒక లీటరు గాలి తన చోటు ఖాళీచేసి పోవలసినదే. ఒకే ఇరుకు మూతిలో నీరు కిందికీ గాలి పైకీ పోవడానికి పోటీపడినప్పుడు రెండూ వంతులవారీగా, ఆగి ఆగి నడుస్తవి. అలవాటున్న ఇల్లాలు అందుకనే కూజాను నిలువుగా ముంచదు. కొంచెం ఒరగబెట్టి ముంచుతుంది. అప్పుడు మూతి కింది సగంనుండి నీరు పోతుంది, పై సగంనుండి గాలి వస్తుంది. కూజా చప్పుడు లేకుండా నిండుతుంది.

అయితే కూజాను ఒరగబెట్టవచ్చును గాని, బండికి బిగించిన ట్యాంకును ఒరగబెట్టలేము. ఈ చిన్న చిక్కును తీర్చడానికి ఇంజనీర్లు పడిన శ్రమకు ఒక చరిత్ర ఉన్నది. అది ఒక గ్రీకు తత్త్వవేత్తతో మొదలై, రైలు ఇంజన్ల మీదుగా, ఎడారి యుద్ధాల మీదుగా నేటి ఇల్లుబండి వరకు వచ్చినది.

ఇల్లుబండి

ఇంటిని బండిమీద పెట్టుకొని వినోదం కోసం దేశాలు తిరగడం పాశ్చాత్య దేశాలలో 19వ శతాబ్ది చివర మొదలైనది. 1885లో బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి విరమించిన గార్డన్ స్టేబుల్స్ అనే రచయిత, బ్రిస్టల్ వాగన్ వర్క్స్ వారిచేత ఒక గుర్రపుబండి ఇల్లు కట్టించుకున్నాడు. దానికి 'వాండరర్', అనగా సంచారి, అని పేరు పెట్టినాడు. రెండు గుర్రాలు లాగిన ఆ బండిలో ఇంగ్లండునుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా ప్రయాణించినాడు. 1936లో అమెరికాలో వాలీ బయమ్ తయారుచేసిన 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్' అనే అల్యూమినియపు బండిలో నలుగురు పడుకోవడానికి చోటు, విద్యుద్దీపాలు, సొంత నీటి సరఫరా ఉన్నవి. 1951లో జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వాగన్ వానులో అమర్చుకోదగిన పడక, అల్మరా మొదలైన సామగ్రిని తయారుచేసినది. నేడు క్యాంపర్ వాన్ అని పిలిచే వాహనాల వరుసలో అది ప్రసిద్ధమైనది. సినిమా చిత్రీకరణ జరిగే చోట నిలిచి ఉండే కారవాన్‌ను చూసినవారికి ఈ జాతి బండ్ల స్వరూపం తెలిసినదే.

ఇటువంటి బండిలో నివసించేవారికి రోజూ తప్పని పనులలో ఒకటి మంచినీరు నింపుకోవడం. ట్యాంకు సాధారణంగా పడకల కిందనో నేల కిందనో ఉంటుంది. నీరు పోసే మూతి బండి పక్కగోడలో ఉంటుంది. రెంటికీ మధ్య ఒక వంపుల గొట్టం. కుళాయినుండి రబ్బరు గొట్టం తెచ్చి మూతిలో పెట్టి తిప్పితే, ఒకొక్కప్పుడు ట్యాంకు సగమైనా నిండకముందే నీరు వెనక్కు ఎగదన్ని మనిషి మీద పడుతుంది. కుళాయిని సన్నగా తిప్పితే పది నిమిషాలలో కావలసిన పనికి గంట పడుతుంది. కొత్తవారు తప్పు కుళాయిదని అనుకుంటారు. తప్పు కుళాయిది కాదు. లోపలి గాలికి దారి లేదు.

ఎంపిడోక్లీస్ చెప్పిన ఉదాహరణ

గాలి కూడ ఒక పదార్థమే, అది ఉన్న చోటికి నీరు రాలేదు అన్న సంగతిని స్పష్టంగా చెప్పినవారిలో మొదటివాడు ఎంపిడోక్లీస్. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దిలో సిసిలీ ద్వీపంలోని అక్రాగాస్ నగరంలో ఆయన నివసించినాడు. మన శ్వాస ఎట్లా నడుస్తున్నదో వివరించడానికి ఆయన ఒక ఇంటి పనిముట్టును ఉదాహరణగా తీసుకున్నాడు. దాని పేరు క్లెప్సిద్ర. అది అడుగున సన్నని రంధ్రాలు, పైన ఇరుకైన గొట్టపు మూతి గల పాత్ర. పెద్ద కుండలోని ద్రవాన్ని కొంచెం కొంచెంగా పైకి తీయడానికి దానిని వాడేవారు.

ఒక బాలిక పై మూతిని చేతితో మూసి ఆ పాత్రను నీటిలో ముంచితే అడుగు రంధ్రాలనుండి నీరు లోపలికి రాదు. లోపలి గాలి అడ్డుపడుతుంది. చేయి తీయగానే గాలి పైనుండి పోతుంది, అంతే పరిమాణంలో నీరు కిందినుండి వస్తుంది. నిండిన తరువాత మూతిని మళ్ళీ మూసి పైకెత్తితే నీరు కారదు. ఈసారి బయటి గాలి కిందినుండి నొక్కి ఆపుతుంది. ఎంపిడోక్లీస్ రచనలోని ఈ భాగాన్ని తరువాతి కాలంలో అరిస్టాటిల్ శ్వాసను గూర్చిన తన గ్రంథంలో ఉదాహరించినందువల్ల అది మనకు దక్కినది.

రెండువేల సంవత్సరాలు గడిచిన తరువాత గాని ఆ గాలి ఎంత బలంగా నొక్కుతుందో కొలవడం సాధ్యం కాలేదు. 1644లో ఇటలీలో టారిసెల్లి, పాదరసం నింపిన గాజుగొట్టం సాయంతో వాతావరణ పీడనాన్ని వివరించినాడు. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే ఆ గొట్టాన్ని పుయ్-ద-డోమ్ పర్వతం మీదికి తీసుకొనిపోయి, పైకి పోయినకొద్దీ పాదరసం మట్టం తగ్గుతున్నదని చూపినాడు. దాదాపు ఆ కాలంలోనే జర్మనీలో ఆటో ఫాన్ గెరిక్ ఒక రాగి గోళంలోని గాలిని పంపుతో బయటకు లాగుతుండగా, గోళం పెద్ద శబ్దంతో నలిగిపోయినది. గాలి చొరడానికి దారి లేని పాత్రను ఖాళీచేయబోతే అది నలుగుతుంది. గాలి పోవడానికి దారి లేని పాత్రను బలవంతాన నింపబోతే అది ఉబ్బుతుంది. ఇవి ఒకే సూత్రానికి రెండు ముఖాలు.

పరుగెత్తుతూ నీరు తాగిన ఇంజన్

ఈ సూత్రం వాహనాల విషయంలో పెద్ద ఎత్తున పరీక్షకు నిలిచినది ఆవిరి రైళ్ళ కాలంలో. ఆవిరి ఇంజనుకు బొగ్గుకంటె ఎక్కువగా కావలసినది నీరు. ఇంజను వెనుక టెండరు అనే బండిలో ఈ రెంటినీ మోసుకొని పోయేవారు. దారిలో నీరు తరిగినప్పుడల్లా రైలు ఆగి, స్తంభపు గొట్టంనుండి నీరు పట్టుకొనేది.

1860లో ఇంగ్లండులో లండన్ అండ్ నార్త్ వెస్టరన్ రైల్వేకు ఒక చిక్కు వచ్చినది. ఐర్లండు టపాను తీసుకొనిపోయే రైలును త్వరపెట్టవలసి వచ్చినది. చెస్టర్‌నుండి హోలీహెడ్ రేవు వరకు సుమారు 85 మైళ్ళు, అనగా 136 కిలోమీటర్లు, మధ్యలో ఆగకుండా నడపాలి. సముద్రతీరం వెంబడి పోయే ఆ దారిలో ఎదురుగాలి బలంగా వీచే రోజున టెండరులోని నీరు చాలదేమో అన్న భయం ఉండేది. పెద్ద టెండరు కడితే ఆ బరువంతా ఇంజనే లాగవలె.

ఆ రైల్వేకు క్రూ పట్టణంలోని కర్మాగారంలో అధిపతిగా ఉన్న జాన్ రామ్స్‌బాటమ్ ఒక కొత్త ఉపాయం ఆలోచించినాడు. రైలు నీటికోసం ఆగడానికి బదులు నీటినే పట్టాల మధ్య పరచి ఉంచినాడు. వేల్సు తీరాన కాన్వీ సమీపంలోని మోఖ్‌డ్రే వద్ద, పట్టాల నడుమ 441 గజాల పొడవున ఇనుప తొట్టి వేసి, నిస్సారమైన కాలువవలె నీరు నింపించినాడు. టెండరు అడుగున ముందుకు తెరిచి ఉండే ఒక వంపు గొట్టం అమర్చినాడు. రైలు తొట్టి మీదికి రాగానే పనివాడు మీట తిప్పి ఆ గొట్టాన్ని కిందికి దించుతాడు. గొట్టం మూతి రెండు అంగుళాల లోతున నీటిని కోస్తూ పోతుంది. బండి వేగమే నీటిని పైకి ఎక్కిస్తుంది, పంపు అక్కరలేదు.

దీని లెక్క సులభమైనది. పైకి విసిరిన రాయి ఎంత ఎత్తు పోతుందో చెప్పే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. గంటకు 15 మైళ్ళ వేగమంటే సెకనుకు 22 అడుగులు. ఆ వేగంతో పైకి మళ్ళించిన నీరు, రాపిడిని లెక్కలోనికి తీసుకోకపోతే, ఏడున్నర అడుగుల ఎత్తు ఎక్కగలదు. టెండరు పైఅంచు దాకా చేరడానికి ఇంచుమించు అంత ఎత్తు కావాలి. కాబట్టి అంతకంటె వేగంగా పోయే రైలుకు నీరు తప్పక అందుతుంది.

గొట్టపు మూతి వెడల్పు 10 అంగుళాలు. ఆ వెడల్పున, రెండు అంగుళాల లోతున, 441 గజాల పొడవున కోసిన నీరు లెక్క ప్రకారం సుమారు 5,200 లీటర్లు. రైలు గంటకు 50 మైళ్ళ వేగంతో పోతుంటే తొట్టి దాటడానికి 18 సెకన్లు పడుతుంది. అనగా సెకనుకు ఇంచుమించు 290 లీటర్ల నీరు లోపలికి దూకుతుంది. ఆ ఒక్క సెకనులో 290 లీటర్ల గాలి బయటకు పోవలె. పోవడానికి తగినంత తెరపి లేకపోతే, రావలసిన నీరు రాదు. వచ్చిన నీరు టెండరు పైకప్పును తన్నుతుంది.

ఈ పద్ధతి ఇంగ్లండులో అనేక మార్గాలలో వ్యాపించి, తరువాత అమెరికా చేరినది. రైళ్ళ వేగం పెరిగినకొద్దీ అసలు చిక్కు బయటపడినది. నీటిని పైకెత్తడం ఇక సమస్య కాదు; వేగం దానిని కావలసినంతకంటె ఎక్కువగా ఎత్తుతున్నది. సమస్య అంతా గాలిని, పొంగిన నీటిని బయటకు పంపడంలోనే మిగిలినది. అందుచేత నీరు పట్టే చోట రైలు వేగాన్ని తగ్గించవలసి వచ్చేది. 1940ల దశకంలో న్యూయార్క్ సెంట్రల్ రైల్వే ఇంజనీర్లు టెండరు మీది గాలి దారులను విశాలంగా మార్చినారు. దానితో గంటకు 80 మైళ్ళ వేగంలో కూడ నీరు పట్టుకోవడం సాధ్యమైనది. వారు 1945లో దింపిన 'నయాగరా' జాతి ఇంజన్ల టెండరులో 46 టన్నుల బొగ్గు పట్టేది. నీటికి మాత్రం 18,000 అమెరికన్ గాలన్ల చోటు చాలినది. ఏలననగా దారి పొడుగునా నీరు అందుతూ ఉండేది. ఎనభై ఐదేళ్ళ క్రితం రామ్స్‌బాటమ్ నీటికి దారి వేసినాడు; వీరు గాలికి దారిని వెడల్పు చేసినారు. రెండూ కలిసినప్పుడు గాని ఆ ఉపాయం పూర్తి కాలేదు. తరువాత కొద్ది సంవత్సరాలలోనే డీజిలు ఇంజన్లు రావడంతో ఈ తొట్ల అవసరమే తీరిపోయినది.

మూడు పిడుల డబ్బా

రైలుకు పట్టాలున్నవి గనుక నీటిని పట్టాల మధ్యనే ఉంచవచ్చును. ఊరు లేని దారిలో పోయే మోటారు బండికి నీటిని మనిషే మోసుకొని వచ్చి పోయవలె. కనుక మోసే పాత్ర ఎట్లా ఉన్నదన్నది ముఖ్యమైనది.

1937లో జర్మన్ సైన్యం కోసం 20 లీటర్ల ఇనుప డబ్బా ఒకటి తయారైనది. దానిని తరువాత ఆంగ్లేయులు జెర్రీక్యాన్ అని పిలిచినారు. పైకి సామాన్యంగా కనిపించే ఆ డబ్బాలో ప్రతి అంశమూ ఆలోచించి పెట్టినది. పైన మూడు పిడులు: నిండు డబ్బాను ఒకడు నడిమి పిడితోనో, ఇద్దరు చెరొక పక్క పిడితోనో మోయవచ్చు, ఖాళీ డబ్బాలైతే ఒక్కొక్క చేతితో రెండేసి పట్టుకోవచ్చు. మీట నొక్కితే బిగిసే మూతకు పనిముట్టు ఏదీ అక్కరలేదు. పక్కలమీద ఒత్తిన గాడులు రేకుకు గట్టిదనాన్ని ఇస్తవి. అన్నిటికంటె ముఖ్యమైనది మూతి లోపల ఉన్న సన్నని గాలి గొట్టం. డబ్బాను వంచినప్పుడు ఆ గొట్టం పైభాగంలోని గాలి అరకు దారి ఇస్తుంది. బయటి గాలి అందులోనుండి లోపలికి పోతుంది, ద్రవం మిగిలిన మూతినుండి ఆగకుండా ధారగా పడుతుంది. బుడబుడలు లేవు, చిందడం లేదు, గరాటు అక్కరలేదు. నీటికి ఉపయోగించే డబ్బాలకు తెల్లని శిలువ గుర్తు వేసేవారు.

ఈ డబ్బా బయటి ప్రపంచానికి తెలిసిన వైనం భారతదేశంతో ముడిపడి ఉన్నది. 1939 వేసవిలో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక జర్మన్ సహచరునితో కలిసి బెర్లిన్‌నుండి కారులో భారతదేశానికి బయలుదేరదలచినాడు. బండి సిద్ధమైన తరువాత, దారిలో అత్యవసరానికి నీరు ఉంచుకొనే ఏర్పాటు లేదని గుర్తించినారు. జర్మన్ ఇంజనీరు టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో నిలవచేసిన డబ్బాలలోనుండి మూడింటిని తెచ్చినాడు. అవి అప్పటికి సైనిక రహస్యం. యుద్ధం దగ్గరపడినందున ఆయన దారిలోనే స్వదేశానికి తిరిగిపోవలసి వచ్చినది. ప్లైస్ ఒక్కడే కలకత్తా చేరి, కారును అక్కడ వదలి అమెరికా పోయినాడు. ఆ డబ్బా గొప్పతనం చెప్పినా, నమూనా చూపనిదే అధికారులు పట్టించుకోలేదు. 1940లో కారుతోపాటు డబ్బాలు అమెరికా చేరిన తరువాత గాని వారు దానిని పరీక్షించలేదు.

పరీక్షించినవారు కూడ దాని మర్మాన్ని పూర్తిగా గ్రహించలేదు. అమెరికా సైన్యం మొదట తయారుచేసిన డబ్బాలో ఆకారం, పరిమాణం, పిడులు అవే ఉంచినారు. మూతను మాత్రం మార్చినారు. దానిని విప్పడానికి స్పానర్, పోయడానికి గరాటు కావలసి వచ్చినది. చూడటానికి అదే డబ్బా. పనిలో అది కాదు. బ్రిటిష్ సైనికులు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో వాడిన పలుచని నాలుగు గాలన్ల రేకు డబ్బాలైతే మరీ అధ్వాన్నం. అతుకులు విడిపోయి కారేవి. పెట్రోలు డబ్బాలలోనే మంచినీరు మోయవలసి వచ్చినందున ఆ నీటికి పెట్రోలు వాసన పట్టేది. ఎడారిలో కారిపోయిన ప్రతి లీటరు నీరూ ఒక మనిషి దప్పిక. శత్రువులనుండి చిక్కిన జర్మన్ డబ్బాలను సైనికులు అందుకే ఏరికోరి దాచుకొనేవారు. చివరకు బ్రిటన్ జర్మన్ నమూనానే ఉన్నదున్నట్లు తయారుచేయించినది.

నేటి ట్యాంకు

ఇప్పుడు మళ్ళీ ఇల్లుబండి దగ్గరకు వస్తే, దాని నీటి ట్యాంకు నింపడంలోని చిక్కు మనకు కొత్తగా తోచదు. అది మూతిని చేతితో మూసిన క్లెప్సిద్రయే.

సరిగా కట్టిన బండిలో నీరు పోసే గొట్టానికి తోడుగా మరొక సన్నని గాలి గొట్టం ఉంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, ఒకే గొట్టంలో నీరూ గాలీ ఎదురెదురుగా సుఖంగా నడవలేవు. కాబట్టి దేని దారి దానికి ఉండవలె. గాలి గొట్టం సన్నగా ఉండవచ్చా అంటే, ఉండవచ్చును. నీటికంటె గాలి సుమారు 800 రెట్లు తేలిక. అందుచేత అంతే పరిమాణం గల గాలిని సన్నని గొట్టంలోనుండి నెట్టడానికి చాలా స్వల్పమైన ఒత్తిడి చాలును.

అయితే ఒక షరతు ఉన్నది: ఆ గొట్టంలో నీరు నిలవరాదు. గాలి గొట్టం ట్యాంకునుండి పైకి పోతూ మధ్యలో ఒకచోట కిందికి జారి వంపు తిరిగితే, ఆ వంపులో కొంచెం నీరు చేరి బిరడావలె అడ్డుపడుతుంది. ఉదాహరణకు నీరు పోసే మూతి ట్యాంకుకంటె 30 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నదనుకుందాము. నీటిని కిందికి తోసే బలం ఆ 30 సెంటీమీటర్ల నీటి బరువే. గాలి గొట్టపు వంపు 10 సెంటీమీటర్లు లోతైతే, ఆ బిరడాను ఎత్తడానికే బలంలో మూడవ వంతు ఖర్చవుతుంది. వంపు 30 సెంటీమీటర్లు లోతైతే నింపడం పూర్తిగా ఆగిపోతుంది. ఖరీదైన బండి అయినా, కొత్త ట్యాంకు అయినా, ఒక్క జానెడు వేలాడిన గొట్టం వల్ల ఇంత తిప్పలు కలుగుతుంది.

కనుక నివారణ కూడ తేలికైనదే. గాలి గొట్టం ట్యాంకులో అన్నిటికంటె ఎత్తైన మూలనుండి బయలుదేరవలె. అక్కడినుండి ఎక్కడా వాలకుండా పైకే పోవలె. నీటి గొట్టం ఎక్కడా ఎగుడు లేకుండా కిందికే దిగవలె. కుళాయి గొట్టపు కొస, బండి మూతికంటె సన్నగా ఉండవలె. అప్పుడు చుట్టూ మిగిలిన సందులోనుండి కూడ గాలి పోతుంది. బండిని చదునైన నేలమీద నిలపవలె. లేకుంటే ఒక మూలన గాలి చిక్కుకొని ట్యాంకు నిండినట్లే కనిపిస్తుంది గాని నిండదు. గాలి గొట్టం బయటి కొసకు సన్నని వల కట్టితే పురుగులు చొరవు.

కుళాయి దగ్గరకు బండి పోలేని చోట డబ్బాలతో నీరు తేవలసి ఉంటుంది. 20 లీటర్ల నీరు 20 కిలోల బరువు. 100 లీటర్ల ట్యాంకుకు అటువంటి డబ్బాలు ఐదు. ప్రతిదానినీ ఛాతీ ఎత్తుకు లేపి పట్టుకోవడం ముసలివారికి, నడుమునొప్పి గలవారికి సాధ్యం కాదు. అందుకని నేలమీద దొర్లించుకొనిపోయే పీపాలు, నీటిలో ముంచి ఉంచే చిన్న విద్యుత్ పంపులు వచ్చినవి. బండి బ్యాటరీతో నడిచే పంపును డబ్బాలో దించితే, డబ్బాను నేలమీదనుండి ఎత్తనక్కరలేదు. పంపు ఉన్నా గాలి గొట్టం ఉండవలసినదే.

త్వరగా నింపాలన్న ఆత్రంతో కొందరు కుళాయి గొట్టాన్ని మూతికి గాలి చొరకుండా బిగిస్తారు. గాలి దారి పనిచేయనప్పుడు ఇది ప్రమాదం. కుళాయిలో రెండు వాతావరణాల పీడనం ఉన్నదనుకొంటే, మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల ట్యాంకు గోడమీద పడే బలం పది టన్నుల బరువుకు సమానం. పలుచని ప్లాస్టిక్ ట్యాంకు దానిని తట్టుకోలేదు. ఇంకొక ప్రమాదం ఆరోగ్యానికి సంబంధించినది. ఊరి గొట్టాలలో పీడనం హఠాత్తుగా పడిపోతే, బిగించిన గొట్టం ద్వారా ట్యాంకులోని నిలవనీరు వెనక్కు పోయి ఊరి నీటిలో కలవవచ్చు. అందుచేతనే అటువంటి కుళాయిలకు నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చే కవాటం అమర్చుతారు. లేదా గొట్టపు కొసకు, నీటి మట్టానికి మధ్య కొంత గాలి ఎడం ఉంచుతారు. ఇక్కడ గాలి అడ్డంకి కాదు, కాపలా.

ఎంపిడోక్లీస్ చెప్పిన బాలిక చేయి తీయగానే పాత్ర నిండినది. అదే సంగతిని టెండరు కట్టినవారు, డబ్బా మూత మార్చినవారు, వానులో గొట్టం బిగించినవారు మరల మరల నేర్చుకోవలసి వచ్చినది. నీరు కంటికి కనిపిస్తుంది, గాలి కనిపించదు. కనిపించనిదానికి చోటు కేటాయించడం మరచిపోవడం మనుష్య సహజం. ట్యాంకు నిండనప్పుడు నీరు ఎందుకు పోవడం లేదని అడిగేకంటె, గాలి ఎటు పోతున్నదని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది.